దక్షిణం గోడకు అవతలి ఎండ

మా ఇంటికి దక్షిణం వైపు కిటికీ లేదు. ఇంత పొడుగు గోడకి ఒక్కటంటే ఒక్కటి లేదు. చలికాలం మధ్యాహ్నాలు నేను కోటు, టోపీ, మఫ్లరు అన్నీ తగిలించుకుని, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని బయటికి పోయి, ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటాను. ఇల్లు కట్టుకునేది లోపల కూర్చోవడానికని నాకూ తెలుసు. కాని మా ఇంటికొచ్చే ఎండ గోడ దాకానే వస్తుంది. లోపలికి రానిస్తే ఇంటి ఆడమనిషికి, అంటే నాకు, మంచిది కాదట. నా మంచి కోసం నన్ను బయట కూర్చోబెట్టిన ఇల్లు అది.

అసలు ఆ ఇల్లు కట్టిందే ఎండ కోసం.

అంతకుముందు జర్మనీలోనే హైడెల్‌బర్గ్‌లో నదికి ఈవల, కొండ కింద, కింది అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. మా కిటికీలన్నీ ఉత్తరానికి, ఎదురుగా చెత్త డబ్బాలు. దీపావళి వెళ్ళిందంటే శివరాత్రి దాకా ఇంట్లో ఎండ పొడ కనపడేది కాదు. మొదటి ఏడు చలికాలాన్ని వింతగా చూశాను. రెండో ఏడు తిట్టాను. మూడో ఏడు తిట్టడం కూడా మానేశాను. నేను పుట్టింది నోటితో, మిగతా ఒళ్ళు తర్వాత వచ్చింది అనేది మా అమ్మ. తొమ్మిదో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకున్నాక చదువు ఆపేశాను కాని, మాట ఎప్పుడూ ఆపలేదు. అలాంటిదాన్ని ఆ చలికాలం పొద్దున్న లేచి, పాపని కీటాలో, అంటే ఇక్కడి బాలబడిలో, దింపొచ్చి, మళ్ళీ దుప్పట్లో దూరి, తీసుకురావడానికి వెళ్ళేదాకా గోడ చూస్తూ పడుకునేదాన్ని. నేను మాట్లాడటం లేదని మా ఆయన ముందు సంతోషించాడు, పెళ్ళాం శాంతపడిందని. తర్వాత భయపడ్డాడు.

డాక్టరమ్మ టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఇచ్చి, రక్తం తీయించి, చుక్కల మందు రాసి, ఎండలో కూర్చోమని చెప్పింది. చుక్కల మందు ఎక్కడ దొరుకుతుందో చెప్పింది. ఎండ ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. ఆ రోజు ట్రాములో వస్తూ మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇల్లు కట్టిస్తా. పొద్దంతా ఎండ పడే ఇల్లు. నువ్వు అందులో కూర్చో, అంతే" అన్నాడు. పదిమందిలో చెయ్యి పట్టుకునే రకం కాదాయన. అందుకే నమ్మాను.

తర్వాత కరోనా వచ్చి ఊరంతా నాలాగే ఇంట్లో కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క విషయంలో నాకు కొంచెం తృప్తిగా ఉండేది.

ఊరికి కాస్త దూరంలో, పొలాలు మొదలయ్యే చోట స్థలం కొన్నాం. ఇల్లు గీసే ఆవిడ జర్మనావిడే, వయసులో మాకంటే పెద్దది, ఓపికలో మరీ పెద్దది. లాక్‌డౌన్ కాబట్టి అంతా కంప్యూటర్ తెర మీదే. మా ఆయన అడ్డం కూర్చుని తర్జుమా చేసేవాడు. ఆవిడ గీసిన బొమ్మలో దక్షిణం వైపంతా అద్దాలు, నేల నిండా మందపాటి రాయి, పైన చూరు కాస్త ముందుకు. ఉత్తరానికి చిన్న చిన్న కిటికీలు మాత్రం. ఇక్కడ చలికాలం సూర్యుడు పైకి ఎక్కడు, దక్షిణాన కిందికి వంగి నడుస్తాడు. ఆ వంగిన ఎండ అద్దంలోంచి గది చివరి దాకా వచ్చి రాతిని వేడి చేస్తుంది. రాయి ఆ వేడిని దాచుకుని సాయంత్రం మెల్లగా వదులుతుంది. ఎండాకాలం సూర్యుడు నెత్తి మీదికి వస్తాడు కాబట్టి చూరు అడ్డుపడి నీడ ఇస్తుంది. పంపు లేదు, మీట లేదు, తిరిగే వస్తువు ఒక్కటి లేదు. దీన్ని పాసివ్ అంటారట. ఇంకో పద్ధతి యాక్టివ్. అందులో కప్పు మీద పలకలు పెట్టి, ఎండని గొట్టాల్లో నీళ్ళకి ఎక్కించి, ఆ నీళ్ళని పంపుతో తిప్పి ఇంటిని వేడి చేస్తారు.

నాకు వెంటనే అర్థమైంది. పాసివ్ అంటే నేను. ఒకచోట కూర్చుని ఉంటుంది, చూసేవాళ్ళకి ఏ పనీ చేస్తున్నట్టు కనపడదు, ఇల్లు మాత్రం దాని మీదే నడుస్తుంది. యాక్టివ్ అంటే మా ఆయన. పొద్దస్తమానం గుర్రుమని తిరుగుతుంటాడు, కరెంటు పోతే పనికిరాడు. ఈ మాట ఆవిడకి తర్జుమా చెయ్యమంటే మా ఆయన చెయ్యలేదు. నేను నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. చాన్నాళ్ళకి నా మాటకి ఎవరో నవ్వారు. ఆ బొమ్మ చూస్తుంటే, రాయి ఎక్కడ పరవాలో కాదు, నేను ఎక్కడ కూర్చోవాలో కనిపించింది.

మా ఆయన ఆ బొమ్మని కరీంనగర్ పంపాడు.

కరీంనగర్‌లో ఉండేది ఆయన మేనమామ. వరసకి నాకు పెద్దనాయన. మా ఆయనకి చిన్నప్పుడే తండ్రి పోతే చదివించి, ఫీజులు కట్టి, విమానం ఎక్కించింది ఆయనే. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వాస్తు మీద పడ్డాడు. డబ్బులు తీసుకోడు, కోపం తెచ్చుకోడు, ఎవరింటికి పోయినా జేబులోంచి దిక్సూచి తీసి చెప్పులు విప్పకముందే ఈశాన్యం వెతుకుతాడు. మంచి మనిషి. నన్ను 'బిడ్డా' అని పిలిచే మనిషి అత్తగారి వైపు ఆయనొక్కడే.

బొమ్మ చూసి ఆయన సాయంత్రమే వీడియోకాల్ చేశాడు. మరుసటి ఆదివారం మా ఆయన లాప్‌టాప్‌ని రెండు చేతుల్తో హారతి పళ్ళెంలా పట్టుకుని ఖాళీ స్థలంలో తిరిగాడు. లాప్‌టాప్‌లో పెద్దనాయన. "ఇంకొంచెం తిప్పురా, ఇంకొంచెం, ఆ, ఆగు" అంటుంటే మా ఆయన మట్టిలో జారుకుంటూ తిరుగుతున్నాడు. పక్కింటి జర్మన్ ముసలావిడ కంచె దగ్గర నిలబడి చూస్తోంది. నేను ఆవిడకి చెయ్యి ఊపాను. ఏదో పూజ అనుకుందేమో, ఆవిడ తలవంచి నమస్కారంలాంటిది పెట్టింది.

తీర్పు ఏమిటంటే దక్షిణం తెరవకూడదు. దక్షిణం తెరిస్తే ఇల్లాలి ఆరోగ్యానికి దెబ్బ. అటు బరువుండాలి. మెట్లు, సామాన్ల గది, బాత్రూములు అటు పెట్టుకుని, గోడ మూసేసి, ఉత్తరం, తూర్పు ఎంత తెరిస్తే అంత మంచిది.

ఇల్లాలి ఆరోగ్యం అనే మాట ఆయన వాడకుండా ఉంటే బాగుండేది. ఆ ఏడు చలికాలం నేను దుప్పట్లో గోడ చూస్తూ పడుకోవడం మా ఆయన కళ్ళారా చూసినవాడు. ఇంకో కారణం ఏది చెప్పినా వాదించేవాడేమో. ఇది విన్నాక అద్దాల బొమ్మని ఫోన్లోంచి తీసేశాడు. నేను వేళాకోళం చేశాను, బతిమాలాను, రెండు పూటలు అన్నం మానేశాను. ఈ దేశంలో దక్షిణం నుంచి వచ్చేది యముడు కాదు, ఎండ అని చెప్పాను. "ప్రతిదానికీ నీకు జోకే" అన్నాడు.

ఇల్లు గీసే ఆవిడ కొత్త బొమ్మ గీయడానికి ముందు ఎన్నో ప్రశ్నలు అడిగింది. ఉత్తరానికి అంత అద్దం పెడితే అది వేడిని బయటికి పంపుతుంది తప్ప లోపలికి తేదని చెప్పింది. మా ఆయన సంప్రదాయం అన్నాడు. ఆ మాట వింటే ఇక్కడివాళ్ళు ఆగిపోతారు. ఇల్లు మీది అని చెప్పి, మా ఆయన అడిగింది గీసింది. అప్పటినుంచీ నావైపు చూసి నవ్వలేదు.

అయితే మా ఆయన మాట తప్పే మనిషి కాదు. ఎండ ఇస్తానన్నాడు కాబట్టి ఎండ తెచ్చాడు. కప్పు దక్షిణపు వాలు మీద పలకలు పెట్టించాడు, కప్పుకి వాస్తు అభ్యంతరం లేదట. అక్కడ్నుంచి గొట్టాలు, కింద సెల్లార్‌లో నా కంటే పొడుగు ట్యాంకు, ఎండ లేని రోజులకి గ్యాస్, ట్యాంకులోంచి నేల కిందికి ఇంకో గొట్టాల వరస, వీటన్నిటినీ తిప్పే పంపులు, పంపుల్ని తిప్పే ఒక పెట్టె, ఆ పెట్టెని చూడ్డానికి ఫోన్లో యాప్. ఆఫీసు పని ఇంటి నుంచే అయ్యాక రోజూ దాని గురించే చదువుతూ కూర్చునేవాడు. ఎంత మోజుగా వివరించేవాడంటే నాకే జాలేసేది. "ఇదీ ఎండే కదా. నీ కాళ్ళ కిందికి వస్తుంది" అనేవాడు. కాళ్ళకి కళ్ళుండవు అన్నాను. వినలేదు.

వసంతంలో గోడలు లేచాయి. అదే వసంతంలో మన దగ్గర రెండో వేవ్. ఇక్కడ తెలుగు గ్రూపుల్లో పొద్దున్న లేస్తే ఆక్సిజన్ ఎక్కడ, బెడ్ ఎక్కడ అన్న మెసేజీలే. మేమిక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చోవడం తప్ప చేసేదేం లేదు.

ఒక మధ్యాహ్నం పాపకి అన్నం పెడుతుంటే పెద్దనాయన ఫోన్ చేశాడు. ముందు మా ఆయనకి చేశాడట. మా ఆయన మీటింగులో ఉండి, తర్వాత చేస్తానని మెసేజ్ కొట్టాడు. ఆయన గొంతులో దగ్గు. జ్వరమేం లేదు, వాతావరణం అన్నాడు. ఇల్లు ఎందాకా వచ్చిందని అడిగాడు. దక్షిణం గోడ లేస్తోంది, చైనా వాళ్ళు చూస్తే తమదే అనుకుంటారని చెప్పాను.

"బిడ్డా, ఆడ ఎండ అసలే కనపడదంట గదా, నీకు పానం బాగుంటలేదని మీ అత్త ఇప్పుడు చెప్పింది. నేను ఈడి ఎండను చూసి చెప్పిన. మన దిక్కు దక్షిణం గోడ మీద చెయ్యి పెడితే కాలుతది. మీ దిక్కు అట్ల లేదాయె. ఒక కిటికీ పెట్టుకోండ్రి, ఏం కాదు. వానికి నేను చెప్త."

"ఏం పెద్దనాయనా, నన్ను బతకనిద్దామనుకుంటున్నరా?" అన్నాను.

నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు ఆగలేదు, ఉంటా బిడ్డా అని పెట్టేశాడు.

మీటింగు నుంచి బయటికి రాగానే మా ఆయనకి చెప్పాను. సంతోషం ఎక్కువై కొంచెం నాటకంగానే చెప్పానేమో. ఆయన నవ్వి, మామని కూడా నీ పార్టీలో చేర్చుకున్నావా, రేపు నేనే అడుగుతాలే అన్నాడు. మరునాడు పొద్దున్నకి పెద్దనాయన ఆసుపత్రిలో ఉన్నాడు. ముఖానికి మాస్కు, మాట్లాడనివ్వలేదు. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు.

టికెట్లు లేవు, ఉండి మా ఆయన వెళ్ళినా దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. అదే లాప్‌టాప్ బల్ల మీద పెట్టుకుని దహనం చూశాడు. ప్లాస్టిక్ బట్టలేసుకున్న మనుషులు ఎవరో, ఎవరిని మోస్తున్నారో కూడా కనపడలేదు. ఎవరో పిల్లాడు దూరం నుంచి ఫోన్ పట్టుకున్నాడు, అది పక్కకి వాలి సగంసేపు ఆకాశమే కనిపించింది. ఆ ఆకాశాన్ని కూడా మా ఆయన కదలకుండా చూశాడు. పాప వచ్చి "పాపా, వాస్ ఇస్ట్ దాస్?" అని, నాన్నా అదేంటని, అడిగితే తెర మీంచి చూపు తిప్పకుండానే తనని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని రోజులాగి, గోడ ఇంకా పచ్చిగానే ఉందనీ మించిపోలేదనీ తెలిసి, మళ్ళీ చెప్పాను. ఈసారి నాటకం లేకుండా, పెద్దనాయన అన్న మాటలు అన్నట్టుగా చెప్పాను.

మా ఆయన నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం కాదు, రోత.

"చచ్చిపోయిన మనిషి మీద కూడా జోకులేనా?"

నా ఫోన్లో పెద్దనాయన కాల్ వచ్చిన గుర్తు ఉంది, చూపించాను. గుర్తు ఉంది, మాట లేదు. అత్తగారిని అడుగుదామన్నా ఆమె పెద్దనాయనకి ఇచ్చింది నా ఆరోగ్యం కబురు మాత్రమే, ఆయన నాకేం చెప్పాడో ఆమె వినలేదు. జీవితమంతా జనాన్ని నవ్విస్తూ వచ్చాను. పాలవాడి నుంచి పెళ్ళికొడుకు దాకా నేను ఆటపట్టించని మనిషి లేడు. చుట్టాలు కూడా నేను ఏది చెప్పినా ముందు నవ్వి, తర్వాత నిజమేనా అని అడిగేవాళ్ళు. ఒక్కటంటే ఒక్క మాట నిజంగా నమ్మాల్సి వచ్చినప్పుడు నా నోరు నాకే సాక్ష్యం చెప్పలేకపోయింది.

శీతాకాలం ముందు ఇంట్లో దిగాం. లోపల ఎప్పుడు చూసినా సాయంత్రమే. ఉత్తరపు అద్దాల్లోంచి వెలుతురు వస్తుంది, కడిగిన పళ్ళెంలాంటి తెల్ల వెలుతురు, దానికి వేడి లేదు. హాల్లో మధ్యాహ్నం కూడా లైటు వేసుకుని కూర కోసేదాన్ని. దక్షిణం వైపు ఎండంతా చీపుర్లకీ బకెట్లకీ కేటాయించాం, వాటికీ కిటికీ లేదనుకోండి. ఒకరోజు ఎందుకో బయటికెళ్ళి ఆ గోడ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. లోపలికొచ్చి అదే చోట పెట్టాను. చల్లగా ఉంది. వేడి దాటకుండా గోడకి మంచి మందం దట్టించారు, మా ఆయన దగ్గరుండి చూసుకున్నాడు. లోపలి వేడి బయటికి పోదు. బయటి వేడి లోపలికీ రాదు. ఆ రోజు నుంచే కుర్చీ బయట వేసుకోవడం మొదలుపెట్టాను.

కంచె అవతల ముసలావిడది పాత ఇల్లు. దక్షిణానికి అద్దాల గది ఒకటి తగిలించి ఉంటుంది. బయట మంచు పడి ఉంటే ఆవిడ అందులో పొట్టి చేతుల జాకెట్టుతో, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కునుకుతూ ఉండేది. పంపుల్లేవు, యాప్‌ లేదు. ఒకసారి కంచె దగ్గరికొచ్చి, మాస్కు లోంచి, మీ ఇంటికి ఇటు కిటికీలు ఎందుకు లేవని అడిగింది. నా జర్మన్‌లో అంత కథ చెప్పే సత్తా లేదు. "రెలిగియోన్" అన్నాను, మతం అని. ఆవిడ గౌరవంగా తలూపి, మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

సంక్రాంతి తర్వాత, ఇక్కడ అరుదుగా వచ్చే నీలాకాశం రోజుల్లో, పెట్టె చెడిపోయింది. పంపుల్ని తిప్పే ఆ పెట్టె. బిగించిన మనిషి వచ్చి మూత తీసి, లోపల నేల కింది పంపుని నడిపే పచ్చ అట్టముక్క ఒకటి కాలిపోయింది, కొత్తది రావాలి అన్నాడు. ఎప్పుడొస్తుందంటే భుజాలు ఎగరేశాడు. కరోనా వల్ల ఎక్కడివక్కడే ఆగిపోయాయట. కప్పు మీద పలకలు కాలిపోతున్నాయి, ట్యాంకులో నీళ్ళు సెగలు కక్కుతున్నాయి, గ్యాస్ వెలిగించినా అదే ట్యాంకు దాకా. ఆ నీళ్ళు నేల కిందికి రావాలంటే పంపు తిరగాలి, పంపు తిరగదు. యాప్‌లో మాత్రం సూర్యుడి బొమ్మ పసుపు పచ్చగా వెలుగుతోంది. "చూడు, పైన ఎంత వేడుందో" అని మా ఆయన ఫోన్ చూపించాడు. యాప్‌లో ఇల్లు బాగుంది, మనమే పొరపాటున దీన్లో దిగాం అన్నాను. కరెంటు హీటరు చుట్టూ ముగ్గురం మూగి కూర్చున్నాం. పాప గ్లవుజులతో బొమ్మలేసేది.

ఆ చలిలోనే ఒక మధ్యాహ్నం మా ఆయన నన్ను వెతుక్కుంటూ ఇంటి వెనక్కి వచ్చాడు. నేను గోడ దగ్గర కుర్చీలో ఉన్నాను. ఆయన పక్కన నిలబడి, ఊరికే ఆనుకుని, ఉలిక్కిపడ్డట్టు వెనక్కి తిరిగి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. అడిగితే ఇప్పుడే అడగాలనుకున్నాను. వేళాకోళం లేకుండా అడిగాను.

"ఒక్క కిటికీ. ఇక్కడ, నా వీపంత. కోయించు."

"ఆ గోడ జోలికి పోకు" అన్నాడు మెల్లగా. "ఆయన చెప్పినట్టు చేసింది ఇదొక్కటే. ఆయన్ని మొయ్యలేదు, నీళ్ళు పొయ్యలేదు. ఆఖరికి చెప్పిన మాటైనా ఉండనీ."

ఆఖరి మాట అది కాదు. ఆఖరి మాట నా దగ్గరుంది. చెప్పడానికి నోరు తెరిచి, ఆయన ముఖం చూశాను. అప్పుడు తెలిసింది. నా మాట నమ్మితే కిటికీ ఒక్కటే కాదు, ఇంకోటి కూడా నమ్మాల్సి వస్తుంది. ఆ రోజు పెద్దనాయన ముందు ఫోన్ చేసింది తనకేననీ, ఆ మాట తనతోనే అనబోయాడనీ, తను మీటింగులో ఉండి ఎత్తలేదనీ. నన్ను అబద్ధాలకోరుని చేసుకోవడం అంతకంటే తేలిక. పెళ్ళాన్ని కదా, ఇంట్లోనే ఉంటాను.

నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోటిదాకా వచ్చిన మాట మింగింది అప్పుడే మొదటిసారి. ఆ మాట చల్లగా ఉంది.

అట్టముక్క చలికాలం పోయాక వచ్చింది. దాని కంటే ముందు ఇంకోటి వచ్చింది. మా ఆయనే తెప్పించాడు, నాకు చెప్పకుండా. పగటి వెలుగునిచ్చే దీపమట, ఇక్కడ ఎండ చాలని వాళ్ళకి డాక్టర్లు చెప్తారట. పలచటి తెల్ల పలక, కిటికీ రెక్కంత ఉంది. సామాన్ల గదిలో చీపుర్లు పక్కకి జరిపి, దక్షిణం గోడకి లోపలి వైపు, మట్టం పెట్టి చూసుకుని, శ్రద్ధగా బిగించాడు. కింద నా కోసం మెత్తటి కుర్చీ వేశాడు. ఇటువైపు దీపం, అటువైపు ఎండ, మధ్యలో పెద్దనాయన.

నేను పాత చీర ఒకటి చింపి దానికి పరదా కుట్టి వేలాడదీశాను. వెక్కిరించడానికే. మా ఆయన చూసి వెక్కిరింపు అనుకోలేదు. బాగుంది, ఇంటికి కళొచ్చింది అన్నాడు. పాప ఇప్పుడు సాయంత్రమైతే పోయి ఆ పరదా మూసి వస్తుంది.

మధ్యాహ్నం నేను బయట గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంటాను. ముఖం మీద ఎండ పడుతుంటుంది. భోజనం వేళకి మా ఆయన పక్క తలుపు కొద్దిగా తెరిచి తల బయట పెడతాడు.

"చలిలో ఏం కూర్చుంటావు? లోపలికి రా, నీకు ఎండ పెట్టాను."